రెండు ఖాళీల నడుమ ఒక సిలికాన్

వజ్రాల పరీక్ష ల్యాబుల్లో చేరబోయే పిల్లలు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది జీతం ఎంత వస్తుందని. తరవాత ఏ మిషన్ మీద పని చేయాలని. వజ్రం అంటే ఏమిటని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. తెలుసనుకుంటారు కదా. ఒక్కో కార్బన్ అణువు నాలుగు కార్బన్లతో చేయి కలిపి నిలబడిన బొమ్మ పుస్తకంలో చూశారు, పరీక్షలో గీశారు, మార్కులు పడ్డాయి. ఆ బొమ్మలాంటి వజ్రం ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. నా ఉద్యోగమంతా ఆ బొమ్మకీ అసలు రాయికీ ఉన్న తేడాని చూడటంలోనే గడిచింది.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఉప్పల్‌లో ఒక కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్‌తో పడక మానేసి, నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రైవేటు రత్నపరీక్ష ల్యాబులో చేరాను. ఒకవైపు మందుల కంపెనీ, ఇంకోవైపు లేతు మిషన్ల షెడ్డు, మధ్యలో మేము. యాభై దాటగానే మానేశాను. ఎందుకు మానేశానో, ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. వాటి వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పని అంటే ఏమిటో రాస్తాను.

లేని అణువు చెప్పే సంగతి

తప్పు పడని కార్బన్ అల్లికకి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాంతి వస్తుంది, వంగుతుంది, వెళ్ళిపోతుంది. మాట్లాడేదల్లా తప్పు పడిన చోటే. కార్బన్ ఉండాల్సిన చోట ఒంటరిగా ఒక నైట్రోజన్ దూరితే రాయికి పసుపు వస్తుంది. బోరాన్ దూరితే నీలం. నైట్రోజన్ పక్కనే ఒక అణువు లేకుండా పోతే ఆ జంట లేజరు కింద ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే, ఇలాంటి ఒక్కో లోపమూ స్క్రీన్ మీద ఒక్కో చోట సన్నని గీతగా పడుతుంది. వంద కోట్ల కార్బన్లలో ఒక్క చోట తేడా ఉన్నా ఆ గీత కనబడుతుంది. గీత ఎక్కడ పడిందో చూసి, అక్కడ కూర్చున్నది ఏ అణువో, దాని పక్కన ఎన్ని ఖాళీలు ఉన్నాయో చెప్పవచ్చు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. లేని అణువు వెలుగు రూపంలో వచ్చి తాను లేనని చెబుతోంది. దీనికి నేను ఉద్యోగం మానేసే రోజు దాకా అలవాటు పడలేదు. అలవాటు పడినవాళ్ళు ఈ పని మానేసి బ్యాంకులో చేరడం మంచిది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది సిలికాన్. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సెక్కే భారీ మనిషిని ఊహించుకోండి. ఒక సీటులో పట్టడు. పక్కపక్కన రెండు సీట్లు ఖాళీ దొరికితే నడుమ కూర్చుంటాడు. సిలికాన్ కూడా అంతే. కార్బన్ కంటే పెద్దది కాబట్టి ఒక కార్బన్ వదిలిన చోట ఇమడదు. పక్కపక్కనే రెండు ఖాళీలుంటే ఈ ఖాళీలోనూ కాకుండా, ఆ ఖాళీలోనూ కాకుండా సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. ఇటు మూడు కార్బన్లు, అటు మూడు కార్బన్లు, ఆరింటికీ సమాన దూరం. అంత గట్టి రాయిలో, ఎవరూ సర్దకుండా, అంత కచ్చితమైన నడుమ. మొదటిసారి ఆ నిర్మాణం గురించి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. వంట మాడింది. మా ఆయన ఇప్పటికీ ఆ రోజు గురించి దెప్పుతాడు.

ఒక గీత, ఒక తీర్పు

మా డైరెక్టర్ రామనాథం గారు మంచి నిర్వాహకుడు. జీతం ఏనాడూ ఆలస్యం చేయలేదు. పరీక్షకు ముందు రాయిని మన చేత్తో మనమే కడగాలని నేర్పింది కూడా ఆయనే. లేకపోతే పాత నగల మీద ఉండే నూనె, పసుపు కూడా వజ్రంతో పాటు వెలిగి మనల్ని మోసం చేస్తాయి. అంతవరకూ ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ ఆయనకు సందేహం అంటే పడేది కాదు. సందేహం పనిని ఆపుతుందని ఆయన నమ్మకం.

గ్యాస్ నుంచి వజ్రాలు పెంచడం మొదలయ్యాక ల్యాబులకు పని పెరిగింది. ఆ రాళ్ళను పెంచే గదికి గాజు కిటికీలుంటాయి. ఆ గాజులోని సిలికాన్ కొద్దిగా రాయిలోకి చేరుతుంది. అందుకని చాలా వరకు పెంచిన రాళ్ళలో సిలికాన్ గీత కనబడుతుంది. రామనాథం గారు దీన్ని సూత్రంగా మార్చారు. ఆకుపచ్చ లేజరు కింద రాయి పెట్టు, సిలికాన్ గీత ఉంటే ల్యాబులో పెంచినదని రాసెయ్, సంతకానికి పంపు. పచ్చ లేజరుకి కనబడని గీతల కోసం కొన్న ఊదా లేజరు అలైన్‌మెంట్ తప్పి స్టోరు గదిలో అట్టపెట్టెలో ఉండేది. రాయిని ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి చూడటం కూడా మానేశారు. క్యాన్ తెప్పించాలి, ఆ చలికి చేతులు కాలకుండా చూసుకోవాలి, ఎవరికి తీరిక.

భూమిలో పుట్టిన రాళ్ళలో కూడా అరుదుగా సిలికాన్ ఉంటుందని నేను మీటింగులో అన్నాను. అరుదు అంటే ఎంత అరుదని అడిగారు. చాలా అరుదని ఒప్పుకున్నాను. అయితే దాని గురించి ఆలోచించడం కూడా అరుదుగానే చేద్దాం అన్నారు. అందరూ నవ్వారు. నేను తప్ప.

చారి వచ్చిన రోజు

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ వినబడింది. వాచ్‌మన్‌ని దాటుకుని ఒకతను లోపలికి వచ్చాడు. నాచారం మెయిన్ రోడ్డు మీద రాళ్ళు పొదిగే దుకాణం అతనిది. పేరు నర్సింహాచారి. చేతిలో మా ల్యాబు రిపోర్టు జిరాక్సు ఉంది.

ఏఎస్ రావు నగర్‌లో శేషారత్నం గారని రిటైరైన లెక్కల టీచరు ఉన్నారు. వాళ్ళ అమ్మమ్మ నాటి రవ్వల కమ్మల్లో, కుడి కమ్మ నడిమి రాయి వదులైతే చారి దగ్గర పొదిగించారు. అది మళ్ళీ ఊడి చేతిలో పడింది. ఈసారి వేరే దుకాణానికి వెళ్ళారు. వాళ్ళకు అనుమానం వచ్చి రాయిని మా ల్యాబుకి పంపారు. మేము ల్యాబులో పెంచినదని రాసిచ్చాం. అమ్మమ్మ కాలంలో అలాంటి రాళ్ళు లేవు కాబట్టి చారి మార్చేశాడని ఆవిడ తేల్చారు. కాలనీ అంతా చెప్పారు. వాళ్ళూ వీళ్ళూ వచ్చి పనికిచ్చిన నగలు వాపసు తీసుకుపోయారు. రాయి తెచ్చి ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళతానని ఆవిడ గడువు పెట్టారు.

"మీ కాయిదం నా దుకాణం బంద్ జేయించింది మేడమ్," అన్నాడు చారి. "రాయి మార్చెటోన్నైతే మీ కాడికి ఎందుకొస్త?"

"మార్చినోళ్ళు గూడ వస్తరు," అన్నాను. "ఇంకింత గట్టిగ ఒర్లుతరు."

నన్ను ఎగాదిగా చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. అతను మంచివాడో కాదో నాకు తెలియదు. నాకు ఆ రిపోర్టు ఒక్కటే తెలుసు, అందులో ఒకే ఒక గీత ఉంది. దొంగ అని ఒక మనిషి పేరు పడటానికి ఒక గీత సరిపోతుందా? రామనాథం గారి గదికి వెళ్ళి అదే అడిగాను. మనం ఎవరినీ దొంగ అనలేదు, రాయి గురించి మాత్రమే రాశాం అన్నారు. ల్యాబు ఒకసారి చెప్పిన మాట మారిస్తే రేపు మన కాగితానికి విలువేముంటుందన్నారు. తప్పు మాటని మార్చకపోతే ఏం విలువ ఉంటుందో నేను చెప్పాను. చాలాసేపు చెప్పాను. చివరికి మళ్ళీ పరీక్ష చేసుకోమన్నారు. ఒప్పుకుని కాదు, నన్ను గదిలోంచి పంపడానికి.

శేషారత్నం గారికి ఫోన్ చేసి రాయి తెమ్మన్నాను. ఒకసారి పరీక్ష చేశారుగా అన్నారు. సగం చేశామని చెప్పాను. సగం చేసి సంతకం పెడతారా అని ఆవిడ అడిగిన తీరుకి నేను క్లాసులో బెంచీ ఎక్కినట్టయింది.

ఊదా వెలుగులో

అట్టపెట్టె విప్పి ఊదా లేజరుని సరిచేయడానికి నాకు ఒక పూటంతా పట్టింది. దగ్గర్లోని గ్యాసుల యూనిట్ నుంచి ద్రవ నైట్రోజన్ క్యాను ఆటోలో తెచ్చుకున్నాను. మూత సందులోంచి పొగ వస్తుంటే ఆటో అతను మీటరు కంటే దాన్నే ఎక్కువ చూశాడు.

రాయిని కడిగి, చల్లబరిచి, ముందు పచ్చ లేజరు కిందే పెట్టాను. గది వేడిలో ఒకటిగా కనబడే సిలికాన్ గీత ఆ చలిలో పక్కపక్కన రెండుగా విడిపోతుంది. విడిపోయింది. సిలికాన్ ఉన్నమాట నిజమే. రామనాథం గారి గీత అబద్ధం కాదు.

తరవాత ఊదా లేజరు వేశాను. చాలాసేపు ఏమీ లేదు. కాంతిని పోగు చేసుకునే సమయం పెంచాను. అప్పుడు స్క్రీన్ మీద, గరుకు గోడ మీద తల వెంట్రుక అంటుకున్నట్టు, చిన్న గీత లేచింది. అది ఒక ఖాళీ చుట్టూ చేరిన మూడు నైట్రోజన్ల గీత.

ఈ గీత ఏమిటో మీకు తెలియాలి. రాయి పుట్టినప్పుడు నైట్రోజన్లు ఎక్కడివక్కడ విడివిడిగా ఉంటాయి. వజ్రంలో ఒక అణువు తన చోటు నుంచి పక్క చోటికి జరగడమంటే మాటలు కాదు. భూమికి నూట యాభై కిలోమీటర్ల అడుగున, కొలిమిలాంటి వేడిలో, కోట్ల ఏళ్ళు గడిస్తే ఒక్కో అడుగు జరిగి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. మనిషి లేడు, చెట్టు లేదు, పైన సముద్రాలు చోటు మారుతున్నాయి, కింద ఈ మూడూ ఒక ఖాళీ చుట్టూ చేరుతున్నాయి. ఫ్యాక్టరీలో కొన్ని వారాల్లో పెరిగిన రాయికి ఆ తీరిక ఎక్కడిది?

ఆ ఒక్క గీతతో కూడా నేను తీర్పు చెప్పలేదు. చెబితే నాకూ రామనాథం గారికీ తేడా ఏముంది? రాయిని మైక్రోస్కోపు కింద, కాంతిని వడగట్టే రెండు పోలరాయిడ్ బిళ్ళల మధ్య పెట్టి తిప్పాను. అడ్డంగా, నిలువుగా బూడిదరంగు చారలు ఒకదానిలో ఒకటి దూరి, ఈత చాప అల్లినట్టు కనబడ్డాయి. భూమి లోతులో నలిగిన, నైట్రోజన్ దాదాపు లేని వజ్రాలకు ఆ అల్లిక ఉంటుంది. గ్యాస్ నుంచి పొర మీద పొరగా పెరిగిన రాళ్ళకు అలా ఉండదు. వాటిలో చారలు ఒకే వైపుకి లేస్తాయి.

సిలికాన్ ఉంది. మూడు నైట్రోజన్లున్నాయి. చాప ఉంది. రాయి భూమిలో పుట్టిందే. నేను ఉద్యోగంలో అలాంటి రాయిని చూడటం అదే మొదలు. స్క్రీన్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

లెక్కల టీచరు ప్రశ్న

మర్నాడు ఇద్దరినీ పిలిచాం. రామనాథం గారు సవరించిన రిపోర్టు మీద సంతకం పెట్టారు, ముఖం మాడ్చుకునైనా పెట్టారు. చారి రెండు చేతులూ జోడించాడు. శేషారత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టు రెండుసార్లు చదివారు.

"భూమిలో పుట్టిందే అన్నారు, ఒప్పుకున్నాను," అన్నారు. "నా రాయే అని ఇందులో ఎక్కడుందండీ? నాది తీసి ఇంకో నాసిరకం వజ్రం పెట్టి ఉండొచ్చుగా?"

చారి చేతులు కిందికి దిగాయి. రామనాథం గారు అది ల్యాబు పరిధిలోకి రాదని వెంటనే అన్నారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. నాకు నేను వేసుకోవాల్సిన ప్రశ్న ఆవిడ వేసినందుకు.

ఒక దారి ఉందని చెప్పాను. ఎడమ కమ్మలో నడిమి రాయి దీని జత. ఎవరూ ముట్టుకోనిది. పాతకాలంలో జత కుదరడానికి ఒకే ముడిరాయిని చీల్చి రెండు రాళ్ళు చేయడం కూడా ఉండేది. అలా చేసి ఉంటే ఈ అరుదైన గుర్తులే దానిలోనూ ఉండాలి. కానీ దాన్ని కమ్మలోంచి తీయాలి. పాత కమ్మల్లో రాయి వెనక లక్క నింపి బంగారంతో మూసేస్తారు. నగతో పాటు ద్రవ నైట్రోజన్‌లో పెడితే లక్క పగిలి నగ పాడవుతుంది.

తీయడానికి వీల్లేదన్నారు ఆవిడ. వాళ్ళ అమ్మమ్మ ఆ రాళ్ళు కొనేముందు కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుని, ఇంటికి పడ్డాయని రూఢి చేసుకున్నాకే పొదిగించిందట. పడిన రాయిని కదపకూడదట. లెక్కలు చెప్పిన మీరు కూడా ఇలా అంటారా అని నేననబోయి, నాలుక కరుచుకున్నాను. అలా ఆగడం నా అలవాటు కాదు. కానీ కదిపిన మొదటి రాయి ఎంత గొడవ తెచ్చిందో ఆవిడ కళ్ళారా చూశారు కదా, ఏమని వాదిస్తాను?

చారిని పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాను. ఆ రాయి వేరే తీరుగా వస్తే దొంగతనం రుజువైనట్టు కాదు, ఎందుకంటే పాత జతలన్నీ ఒకే ముడిరాయివి కావు. కానీ ఆ మాట కాలనీలో ఎవరూ వినరు.

"ఏరే తీరుగ వస్తే గట్లనే రాస్త చారీ. నీ కోసం దాచ," అన్నాను.

 అతను ఇప్పుడు వెళ్ళిపోతే అనుమానం అనుమానంగానే మిగులుతుంది. ఉంటే పూర్తిగా మునగవచ్చు.

"రాయుండ్రి," అన్నాడు. తరవాత శేషారత్నం గారి ముందుకు వెళ్ళాడు. "అమ్మా, రాయి నేనే తీస్త. ఏరేటోళ్ళు తీస్తే, జర పెచ్చు లేసినా మల్ల నా పేరే అస్తది. మీరు ముందల కూసోండ్రి. నా చేతులు సూడుండ్రి."

తనను దోచుకున్నాడని తానే ఊరంతా చెప్పిన మనిషి చేతిలోనే మిగిలిన కమ్మ కూడా పెట్టాలి. ఆవిడ చెయ్యి ఎడమ చెవి దగ్గరికి వెళ్ళింది, ఆగింది. కమ్మ తీసి కొంగుతో తుడిచారు. బల్ల మీద పెట్టి, వేలితో అతని వైపు నెట్టారు.

చారి దుకాణం నుంచి పనిముట్లు తెచ్చుకున్నాడు. మైక్రోస్కోపు కెమెరాని అతని చేతుల మీదకు తిప్పి, పెద్ద స్క్రీన్ మీద అందరికీ కనబడేలా పెట్టాను. బంగారం అంచుని కొద్దికొద్దిగా లేపాడు. పాత లక్క పొడిగా రాలింది. శేషారత్నం గారు స్క్రీన్ చూడలేదు. అతని వేళ్ళనే చూశారు. రాయి ఊడి గాజు పళ్ళెంలో పడింది. అతను చేతులు రెండూ పైకెత్తి అరచేతులు చూపించాడు. ఎవరూ అడగలేదు.

రెండో రాయి

కడిగాను. చల్లబరిచాను. పచ్చ లేజరు వేశాను. సిలికాన్ గీత ఉంది, చలిలో రెండుగా విడింది.  ఊదా లేజరు వేసి కూర్చున్నాం. పక్క షెడ్డులో లేతు మిషన్ తిరుగుతూనే ఉంది. వెంట్రుకలాంటి ఆ చిన్న గీత మెల్లగా లేచింది, అదే చోట, అంతే ఎత్తున. రెండు రాళ్ళ గీతలనూ ఒకదాని మీద ఒకటి పరిచాను. రంగులు వేరుగా పెట్టాను కాబట్టి రెండని తెలిసింది.

పోలరాయిడ్ల కింద రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి శేషారత్నం గారిని చూడమన్నాను. ఆవిడ కన్ను తీయలేదు.

"చాపలా ఉందేమిటమ్మా," అన్నారు. "రెండిట్లోనూ."

అవునన్నాను. మనుషులు పుట్టక ముందు నలిగిన చాప అది. మీ అమ్మమ్మ చెవుల్లో ఉంది, మీ అమ్మ చెవుల్లో ఉంది, ఎవరికీ తెలియదు. ఈ గదిలో నలుగురం మొదటిసారి చూస్తున్నామన్నాను. రామనాథం గారు కూడా వచ్చి వంగి చూశారు.  అన్నిటికీ ఒక సూత్రం చెప్పే మనిషి ఫోకస్ తిప్పుకుని మళ్ళీ చూడటం నేను చూసింది అప్పుడే.

ఒకే ముడిరాయి నుంచి చీల్చినవని నేను రాయలేదు. అంత మాట నా మిషన్లు చెప్పలేవు. రెండూ అన్ని పరీక్షల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయని, ఇంత అరుదైన గుర్తులతో ఇంకో రాయిని తెచ్చి జత చేయడం ఊహకు అందదని రాశాను. కొత్తగా చేరే మీకు నేను చెప్పేది ఇదొక్కటే. రాయి ఎంత చెబితే అంతే రాయండి. కానీ పూర్తిగా చెప్పనివ్వండి.

శేషారత్నం గారు రిపోర్టులో ఆ వాక్యాన్ని పైకి చదివారు. చదివాక సంచిలోంచి కుడి కమ్మ కూడా తీసి, రెండు రాళ్ళూ, రెండు కమ్మలూ చారి ముందు పెట్టి పొదగమన్నారు. క్షమించమని అనలేదు. టీచర్లకు ఆ మాట తొందరగా రాదు.

చారి వాటిని ముట్టుకోలేదు.

"ఈడ గాదమ్మా. నా దుకాణంల పొదుగుత. మీరొచ్చి ముందల కూసోవాలె. పట్టపగలు, అందరు సూస్తుండంగ."

ఆవిడ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకున్నారు. సరే, ఎప్పుడు రమ్మంటావని అడిగారు.

మర్నాడు నేను డ్యూటీకి పోతూ చారి దుకాణం ముందు ఆటో ఆపించాను. మెయిన్ రోడ్డు మీద బస్సులు, బండ్లు, ఫ్యాక్టరీకి పోయే జనం. దుకాణం మెట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో శేషారత్నం గారు కూర్చుని ఉన్నారు, చెవులు బోసిగా. లోపల చారి తల వంచి పని చేస్తున్నాడు. ఏఎస్ రావు నగర్ వైపు నుంచి వచ్చినావిడ ఎవరో ఆగి, ఇక్కడ కూర్చున్నారేమిటని అడిగింది. శేషారత్నం గారు క్లాసులో వెనక బెంచీకి వినబడే గొంతుతో చెప్పారు.

"నా రాళ్ళు నావేనండీ. నేనే తప్పు చెప్పాను. చారి పొదుగుతున్నాడు, కూర్చోండి."

పక్కనున్న స్టూలు ముందుకు జరిపారు. ఆవిడ కూర్చుంది.